పెద్దమ్మ కాలమ్

షేలా
సెప్టెంబరు 10, 2017

పెద్దమ్మా,

ఉద్యోగం వచ్చింది. ముందు ఆ మాట రాసేస్తే మిగతాది నువ్వు కుదురుగా చదువుతావు. ఇక్కడ షేలా పట్నంలో ఆరోగ్య కార్యాలయం, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల. కొండ ఊళ్ల నుంచి వచ్చే పేర్లూ తేదీలూ కంప్యూటర్లో నింపే పని. ఏం పేర్లు అంటావేమో, రకరకాలవి. అవన్నీ రాస్తే నీకు విసుగు.

విసుగు పుట్టించనిది ఒకటి చెబుతాను. యంత్రానికి తేదీలు తెలియవట! మనం సెప్టెంబరు పది అని కొడితే, అది లోపల 42,988 అని దాచుకుంటుంది. 1900 జనవరి ఒకటి నుంచి ఒక్కో రోజూ లెక్కపెట్టుకుంటూ ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. తేదీ అనేది మన కోసం పైన కప్పుకున్న బట్ట. అందుకే తేదీకి ఏడు కలిపితే వచ్చే వారం వస్తుంది, ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేస్తే మధ్యలో ఎన్ని రోజులో చెబుతుంది. నేర్పే మా సూపర్వైజరు ఈ మాట చెప్పగానే క్లాసంతా ఆవలించింది. నాకు మాత్రం నువ్వు ఎర్ర గింజలు చాప మీద పేర్చి రోజులు లెక్కపెట్టడం గుర్తొచ్చి నవ్వాగలేదు. ఆయన కోప్పడ్డాడు.

మా పట్టికలన్నిటికీ మధ్యలో కేలెండరు పట్టిక ఒకటి ఉంటుంది. రోజుకొక వరుస. మనుషుల పట్టిక, ఊళ్ల పట్టిక అన్నీ వచ్చి దానికి ముడిపడతాయి. అది ఏ నెల, ఏ వారం అన్నవి పక్కపక్కనే కాలమ్‌లు. నాకు అందులో ఇంకో కాలమ్ పెట్టాలని ఉంది. మన రోజుల పేర్లు. చిన్నప్పుడు ఇరవై పేర్లూ కంఠతా వచ్చేవి, ఇప్పుడు పదకొండు దాటాక తప్పిపోతున్నాను. వరసగా రాసి గాస్పర్ బస్సులో పంపించవా?

నీ
హెర్లిందా


పాసాక్
సెప్టెంబరు 20

ఒసే హెర్లిందా,

ఉద్యోగం వచ్చినందుకు నాలుగు కొవ్వొత్తులు వెలిగించాను. నీ యంత్రం రోజులు లెక్కపెడుతుందని నాకు పాఠం చెప్పినందుకు ఐదోది వెలిగిద్దామనుకుని మానేశాను. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఈ కొండ మీద రోజులు లెక్కపెట్టేది నేను, బిడ్డలను పట్టేది నేను. నాకొచ్చి చెబుతున్నావు!

అయినా 1900కి ముందు రోజులు లేవా? మీ ముత్తవ్వ అంతకు పదేళ్ల ముందే పుట్టింది. ఆవిడ పుట్టనట్టేనా? మీ సూపర్వైజరును అడిగి రాయి.

పేర్లు వేరే కాయితం మీద రాసి ఇందులో పెట్టాను. పేర్లు ఇరవై, అంకెలు పదమూడు. రెండూ పక్కపక్కనే నడుస్తాయి. పదమూడు అవగానే అంకె మళ్ళీ ఒకటికొస్తుంది, పేరు మాత్రం ఆగకుండా పోతుంది. ఒక అంకె, ఒక పేరు మళ్ళీ జతకూడాలంటే రెండువందల అరవై రోజులు కావాలి. కాలమ్ అంటున్నావు, అది మన కాలమే అనుకుని పెట్టుకో, తప్పు లేదు.

నీతో గొర్రెలు కాసిన మికాయెలా మళ్ళీ నీళ్లోసుకుంది. మూడోసారి. మొదటి ఇద్దరూ దక్కలేదని నీకు తెలుసు. ఈసారి ఆఖరి ముట్టు ఆరు కేహ్ రోజున అని ఆవిడే వచ్చి చెప్పింది. జింక రోజు, మంచి బలమున్న రోజు. నేను ఎవరితోనూ అనడం లేదు, నీతో అంటున్నాను.

ఆరోగ్య కేంద్రంలో మంత్రసానులందరినీ కూర్చోబెట్టి నర్సు చేతులు కడుక్కోవడం నేర్పింది. నలభై ఏళ్లుగా కడిగిన చేతులు నావి. ఇంటికొస్తుంటే సబ్బు బిళ్ల ఒకటి ఇచ్చింది. వాసన బాగుంది.

తోమాసా పెద్దమ్మ


షేలా
నవంబరు 15

పెద్దమ్మా,

వచ్చేసింది! రోజు అంకెను ఇరవైతో భాగించి, మిగిలినదాన్ని చూసి పేరు తీయమన్నాను. పదమూడుతో భాగించి, మిగిలినదాన్ని చూసి అంకె తీయమన్నాను. మిగులును తీయడానికి ఒక ఫార్ములా ఉంది. ఒక్క గడిలో రాసి కిందికి లాగితే పదేళ్ల రోజులకీ మన పేర్లు బొటబొటా పడిపోయాయి. పక్క బల్లమీది పిల్ల "ఇదేం భాష?" అంది. "మా ఇంటి భాష" అన్నాను.

ఇవాళ 43,054వ రోజు. మన లెక్కలో పన్నెండు తోహ్. అవునా?

ముత్తవ్వ సంగతి అడిగాను. 1900కి ముందు తేదీ కొడితే యంత్రం దాన్ని తేదీ అనుకోదట, మామూలు అక్షరాలనుకుని గడిలో ఎడమ అంచుకు తోసేస్తుంది. నిజమైన తేదీ అయితే కుడి అంచుకు వస్తుంది. ముత్తవ్వ ఎడమ వైపు నిలబడి ఉంది పెద్దమ్మా, ఏం చేయను.

హెర్లిందా


పాసాక్
నవంబరు 19

అమ్మడూ,

కాదు. బుధవారం పదమూడు త్సీ. నువ్వు రాసింది మంగళవారానిది. మీ యంత్రం ఒకరోజు ఆలస్యంగా నిద్ర లేస్తుందా? ఒకటి ఎక్కడో మింగావు, వెతికి కక్కించు. రోజుల లెక్కలో ఒకటి తప్పినా, వంద తప్పినా తప్పే.

ముత్తవ్వను ఎడమ వైపే ఉండనీ. ఆవిడ ఎప్పుడూ ఎవరి వరసలోనూ నిలబడలేదు.

చలి ఎక్కువగా ఉంది. మికాయెలా మొగుడు సాంతొస్ నేసిన కంబళి ఒకటి గాస్పర్‌కిచ్చాను. సాంతొస్ చేతకానివాడు కాడు, భయస్థుడు. కంబళి మాత్రం బాగా నేస్తాడు.

తోమాసా


షేలా
డిసెంబరు 3

పెద్దమ్మా,

కక్కించాను. ఒకటి కలపాల్సిన చోట కలపలేదు. ఇప్పుడు నీ పాత ఉత్తరాల్లో నువ్వు రాసిన రోజులన్నీ ఒక్కొక్కటీ కొట్టి చూశాను, ఒక్కటీ తప్పలేదు. సూపర్వైజరు నీ కాలమ్ చూసి "ఇది ఎవరికి పనికొస్తుంది, తీసెయ్" అన్నాడు. తీయలేదు, పట్టికలో కుడి కొసకు జరిపి దాచాను. నువ్వు ఇప్పుడు ఆరోగ్య కార్యాలయంలో దొంగచాటుగా ఉన్నావు.

ఇంకో వింత. ఇక్కడ ఒక ఫార్ములా ఉంది: ఆఖరి ముట్టు తేదీకి 280 కలిపితే కాన్పు తేదీ. 280 అంటే పద్నాలుగు ఇరవైలు! అంటే ఏ పేరు రోజున ఆగిందో, తొమ్మిది నెలలయ్యాక సరిగ్గా అదే పేరు రోజుకు బిడ్డ రావాలి. అంకె మారుతుంది, పేరు మారదు. కేహ్‌లో ఆగితే కేహ్‌లోనే. "బిడ్డ తన రోజు వెతుక్కుంటూ వస్తుంది" అని నువ్వు అంటావు చూడు, అది డాక్టర్ల ఫార్ములాలోనే ఉంది, వాళ్లకు తెలియదు. బల్ల దగ్గర కూర్చుని నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

కంబళి వెచ్చగా ఉంది. మికాయెలాకు నా ముద్దులు.

హెర్లిందా


పాసాక్
ఫిబ్రవరి 14, 2018

హెర్లిందా,

నర్సు కాయితం పట్టుకుని వచ్చింది. షేలా నుంచి వచ్చిన అచ్చు కాయితం, ముద్ర ఉంది. దాని ప్రకారం మికాయెలా కాన్పు ఫిబ్రవరి పదికి కావాలి. నాలుగు రోజులు దాటిపోయిందట. నర్సు పొట్ట కొలిచి, "నెలలకు తగ్గ సైజు లేదు, బిడ్డ ఎదగడం లేదు, గడువూ దాటింది" అంది. ఇరవై ఆరో తేదీ సోమవారం బండి వస్తుంది. ఆసుపత్రికి తీసుకెళ్లి కోసి తీస్తారు.

నేను చెప్పాను, ఇంకా నెల ఉంది, పొట్ట సరిగ్గానే ఉంది అని. "దోన్యా తోమాసా, మీరు అడ్డుపడితే మీ మంత్రసాని కార్డు రద్దు చేయమని రాయాల్సి వస్తుంది" అంది, దోన్యా అని మర్యాద చేస్తూనే. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు నా మీద పడింది. కార్డు పోతే పోనీ, అది నా చేతులనేం చేస్తుంది! కానీ నెల ముందే కోసి తీస్తే ఆ బిడ్డ ఊపిరి పీల్చగలదా? మికాయెలా తిండి మానేసి కూర్చుంది. సాంతొస్ ఆ కాయితాన్ని మేరీమాత పటం పక్కన అంటించాడు.

డిసెంబరులో 280 అని రాశావు. అప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. గర్భిణీల లెక్క నీ బల్ల మీదికి ఎందుకు వచ్చింది? ఈ కాయితం ఎవరు చేశారు? నీకు తెలుసా?

తోమాసా


షేలా
ఫిబ్రవరి 18

పెద్దమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. ఈ కాయితాలు కార్యాలయంలో చాలామంది చేతులు మారి వస్తాయి. నేను కనుక్కున్నాను. లెక్క రెండుసార్లు సరిచూశాం. ఆవిడ పేరు పక్కన ఉన్న తేదీకి 280 కలిపితే ఫిబ్రవరి 10 వస్తోంది. కూడికలో యంత్రం పొరబడదు.

గడువు దాటి రెండు వారాలైతే బిడ్డకు ప్రమాదమని ఇక్కడి డాక్టరమ్మ అంటోంది. పొట్ట చిన్నగా ఉంటే మరీనట. మికాయెలా రోజు మరిచిపోయి ఉండవచ్చు కదా? మీరు చాలామంది రోజులు గుర్తు పెట్టుకుంటారు, ఒకటి కలిసిపోయి ఉండవచ్చు కదా? దయచేసి బండి వస్తే ఆవిణ్ణి పంపండి.

హెర్లిందా


పాసాక్
ఫిబ్రవరి 21

హెర్లిందా గారికి,

మీరు అట, మీరు! నా ఒళ్లో పడుకుని పేలు చూపించుకున్న పిల్లవు, నన్ను మీరు అంటున్నావు. తేలు కుట్టిన దొంగలా ఉంది నీ ఉత్తరం.

నేను మరిచిపోయాననుకో. ముసలిదాన్ని. ఆరు కేహ్ అని మికాయెలా చెప్పినప్పుడు ఇంకా ముసలిదాన్ని కాలేదు, సెప్టెంబరులో నీకు రాశాను. ఆ ఉత్తరం తీసి చూడు. నీ యంత్రం ఆ పిల్లకు ఏ రోజు అంటుందో అడుగు. పేరు మారదు అని చప్పట్లు కొట్టింది నువ్వే.

బండి సోమవారం వస్తుంది.

తోమాసా


షేలా
ఫిబ్రవరి 23, శుక్రవారం

పెద్దమ్మా,

ఈ కవరులో రెండు కాయితాలు ఉన్నాయి. ముద్ర ఉన్నది ముందు సాంతొస్ చేతిలో పెట్టు. తర్వాత నా ఉత్తరం చదువు. నాలుగు రోజులుగా మీ టవరు పనిచేయడం లేదు, నర్సుకు ఫోను కలవడం లేదు. గాస్పర్ సంత దగ్గర ఆగకుండా కొండెక్కి నీ చేతికే ఇస్తానన్నాడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. నీ సెప్టెంబరు ఉత్తరం తీశాను: ఆరు కేహ్. కొసకు దాచిన నీ కాలమ్‌ను లాక్కొచ్చి మికాయెలా పేరు పక్కన పెట్టాను. రెండు నోహ్ అని వచ్చింది. నువ్వు కేహ్‌ను నోహ్ అనవు. నిద్రలో కూడా అనవు. కిందటేడాది ఆరు కేహ్ ఏ రోజున వచ్చిందో వెతికాను. జూన్ ఐదు. పట్టికలో ఉన్నది మే ఆరు. రెండూ ఒకదాని కింద ఒకటి అంకెల్లో రాసుకున్నాను.

5/6. 6/5.

నర్సు మనందరం రాసేలాగే రోజు ముందు, నెల తర్వాత రాసింది, 5/6/17 అని. కార్యాలయానికి కొత్తగా వచ్చిన కంప్యూటర్లు నెల ముందు చదివేలా అమర్చి ఉన్నాయి. రోజు పన్నెండు దాటితే దానికి పదమూడో నెల దొరకదు, అందుకని తేదీ కాదనుకుని ముత్తవ్వలా ఎడమ అంచుకు తోసేసింది. అవి నా కంటబడ్డాయి. నర్సుల నిర్లక్ష్యం అని తిట్టుకుంటూ ఒక్కొక్కటీ చేత్తో దిద్దాను. ఇంకా రాని నెలలు పడినవీ కనిపించాయి, అవీ దిద్దాను. మిగిలినవి కుడి వైపు బుద్ధిగా నిలబడి ఉన్నాయి, అవి సరైనవనుకున్నాను. మూడువందల పన్నెండు మందిలో ముప్పైఒక్క మంది అలా తిరగబడ్డారు. నమ్మేలా ఉన్న అబద్ధాలవి.

ఆ కాయితం చేసింది నేనే పెద్దమ్మా. మొదటి రోజు నుంచీ ఆ పట్టిక నాదే. మంత్రసానులను ఆ కాయితాలతో ఎలా అదిలిస్తారో నువ్వు చెబుతుంటే, అది నా పని అని రాయడానికి సిగ్గేసింది. నువ్వు నన్ను ఛీ అంటావని భయపడ్డాను. మొన్న సూటిగా అడిగినప్పుడు కూడా దాచి, నిన్నే మరిచిపోయావన్నాను. అదే నాకు ఎక్కువ నొప్పిగా ఉంది.

సూపర్వైజరుకు చెప్పాను. ఆయన నర్సుల మీద పెట్టి రాద్దామన్నాడు. తప్పు నాదేనని, మికాయెలా అసలు గడువు మార్చి పన్నెండని నా పేరుతో రాసి సంతకం చేశాను. ముద్ర మాత్రం ఆయనే వేశాడు. మిగతావాళ్ల ఊళ్లకూ దిద్దిన కాయితాలు వెళ్తున్నాయి.

నేను రావాలి, రాలేను. ముప్పైఒక్క మందిలో నలుగురికి లెక్క ముందుకు కాక వెనక్కి తిరిగింది. కాయితం మీద ఇంకా నెలా రెండు నెలలుంది, అసలు గడువు ఇప్పుడే. వాళ్ల కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. రేపు పొద్దున డాక్టరమ్మతో కలిసి ఆ నాలుగు ఊళ్లకూ పోతున్నాను. మికాయెలాకు నువ్వున్నావు. వాళ్లకు ఎవరున్నారో నాకు తెలియదు.

హెర్లిందా


పాసాక్
ఫిబ్రవరి 28

హెర్లిందా,

కాయితం శనివారం మధ్యాహ్నం అందింది. సాంతొస్ చేతిలో పెట్టాను. అతను దాన్ని పాత కాయితం పక్కనే అంటించి, రెండింటినీ చూస్తూ కూర్చున్నాడు. సోమవారం పొద్దున బండి వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాడు.

నర్సు కొత్త కాయితం చదివి, "నాకైతే ఫోనేం రాలేదు" అంది.

"రెండిటికీ ముద్ర ఒక్కటే," అన్నాడు సాంతొస్. "ఏది నమ్మమంటారు?"

"నన్ను నమ్ము," అన్నాను.

"నిన్ను నమ్మే ఇద్దరిని పాతిపెట్టాను, అత్తా."

నీకు రాయలేదు. ఆ ఇద్దరినీ పట్టింది నేనే. మొదటిది అడ్డం తిరిగింది, రెండోది ఏడవలేదు. ఎవరి చేతుల్లో పోయారో ఊరందరికీ తెలుసు, నీకు తప్ప. నువ్వు నన్ను ఛీ అంటావని కాదు, నీ దగ్గరన్నా నేను తప్పులేనిదానిలా ఉండాలనుకున్నాను. నువ్వు దాచావని రాశావు కదా. నేనూ దాచాను.

సాంతొస్ అలా అనగానే మికాయెలా లోపలి నుంచి పొట్ట పట్టుకుని వచ్చి గడపలో నిలబడింది.

"కాయితాన్ని అడిగారు, అత్తనడిగారు. నన్నెవరన్నా అడిగారా? ఇది ఎవరి పొట్ట?"

"అడుగుతున్నాగా, చెప్పు," అన్నాడు వాడు గొణుగుతూ.

"సోమవారం. నువ్వు కంబళ్లు కట్టుకుని షేలా పోయిన రోజు. తిరిగొచ్చి, ఒక్కటి కూడా అమ్ముడుపోలేదని రెండు రోజులు నాతో మాట్లాడలా. గుర్తుందా, లేదా?"

వాడికి గుర్తుంది! చెవులు ఎర్రబడ్డాయి. జాతర మర్నాడే పోయానని, జూన్ ఐదే అని వాడే ఒప్పుకున్నాడు. నర్సు గొట్టం పెట్టి బిడ్డ గుండె విన్నది. చాలాసేపు విన్నది. "బాగా కొట్టుకుంటోంది. జూన్ అయితే సైజు కూడా సరిపోతుంది," అని లేచి బండిని ఖాళీగా పంపించింది.

నేను ఒక మాట ఇచ్చాను. మార్చి పన్నెండు దాటి నాలుగు రోజులైతే నేనే మికాయెలాను బండెక్కించి పక్కన కూర్చుంటాను. నొప్పులు మొదలవగానే నర్సును పిలుస్తాను. ఆవిడ తలుపు బయట కాదు, లోపల ఉంటుంది. ఇంతకుముందు ఎవరికీ ఆ మాట ఇవ్వలేదు.

నీ మీద కోపం ఉంది. కార్డు కోసమో, కాయితం కోసమో కాదు. మీరు అన్నావే, అందుకు. ఆ నలుగురూ ఏమయ్యారు? రాయి.

తోమాసా


షేలా
మార్చి 4

పెద్దమ్మా,

నువ్వు, నువ్వు, నువ్వు. చాలా? ఇంకా కావాలంటే పేజీ నింపుతాను.

ఆ ఇద్దరి సంగతి చదివి చాలాసేపు ఏడ్చాను. నువ్వు తప్పులేనిదానివని నేనెప్పుడూ అనుకోలేదు. మొక్కజొన్న అతోల్ కాచి చక్కెర మరిచిపోతావు, అప్పిచ్చి మరిచిపోతావు. నువ్వు నాకు కావలసినదానివి, అంతే.

నలుగురిలో ఒకావిడకు అంతకు ముందురోజే ఇంట్లో కాన్పయింది, ఇద్దరూ బాగున్నారు. ఇద్దరిని మాతో తీసుకొచ్చి ఆసుపత్రి పక్క వసతిలో దించాం. నాలుగో ఆవిడ రెండు రోజులుగా నొప్పులు పడుతోంది. కాయితం మీద ఇంకా నెల ఉందని, ఉత్త నొప్పులని ఇంట్లోవాళ్లు మొక్కజొన్న కోతకు పోయారు. బండిలో నన్ను చూసి, "నువ్వు డాక్టరువా?" అంది. "కాదు, తేదీలు కొట్టేదాన్ని" అన్నాను. "అయితే ఊరికే కూర్చోక నా కాలు పట్టుకో" అంది. ఆసుపత్రి గుమ్మంలోనే మగపిల్లాడు. కాలు పట్టుకునే ఉన్నాను. మేం ఇంకో రోజు ఆగి వెళ్లి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు, నేను అడగలేదు.

నీ కాలమ్ ఇప్పుడు కొసలో లేదు. ప్రతి మంత్రసాని చెప్పిన రోజు పేరు కూడా రిజిస్టరులో రాయమని, తేదీ పక్కన పెట్టి సరిచూడమని డాక్టరమ్మే రాసి పంపింది. రెండూ కలవకపోతే ఆ గడి ఎర్రబడేలా ఫార్ములా రాశాను. అదే నేను రాసిన ఆఖరిది. ఈ నెలాఖరుకు మానేస్తాను పెద్దమ్మా. ఒక అంకె కొట్టడానికి వేలు ఎత్తితే ఆవిడ కాలే గుర్తొస్తోంది. ఊరొచ్చి సాంతొస్‌కు నూలు చుట్టిపెడతాను.

హెర్లిందా


పాసాక్
మార్చి 14

తల్లీ,

ఆడపిల్ల. నిన్న మంగళవారం, ఎండ వాకిట్లోకి వచ్చిన వేళకు. ఒకటి కానిల్. గింజ రోజు, అందులోనూ మొదటిది. మీ ఫార్ములా పన్నెండు అంది, నేను కేహ్ అన్నాను, ఆ పిల్ల మనిద్దరి మాటా వినలేదు. దాని తల్లి పోలిక.

ఒక విధంగా మంచిదే. పన్నెండున పుట్టి ఉంటే మీ యంత్రం తిరగేసి డిసెంబరు మూడు అని రాసుకునేది. పదమూడు! ఇప్పుడు తిప్పమను చూస్తాను.

బాలింత స్నానానికి ఆవిరి గది పొయ్యి రాజేయడానికి సాంతొస్ గోడమీది పాత కాయితం చించి వాడాడు. కొత్తది కూడా చించబోతే నేను చేయి పట్టుకుని ఆపాను. దాని మీద నీ సంతకం ఉంది.

అసలు సంగతి రాస్తాను. పిల్ల బయటికి వచ్చాక ఏడవలేదు. నీలంగా ఉంది. నా చేతుల్లో రెండోది ఉన్నట్టే ఉంది, అచ్చం అలాగే, నా చేతులు బిగుసుకుపోయాయి. కదలడం లేదు హెర్లిందా. అంతకుముందు నాకు ఎప్పుడూ అలా కాలేదు. నర్సు పక్కనుంచి, బిడ్డ నోట్లో నీరు లాగే సన్న గొట్టం ఇచ్చి, "పీల్చండి దోన్యా తోమాసా, మీ చేతుల్లోనే ఉంది, మీరే పీల్చండి," అంది. తను తీసుకోవచ్చు. తీసుకోలేదు. నేను పీల్చాను, తను వీపు రుద్దింది. ఇద్దరం కలిసి ఎంతసేపు చేశామో నేను లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టని కాలం నా జన్మలో అదొక్కటే. తర్వాత పిల్ల ఇల్లెగిరిపోయేలా అరిచింది. సాంతొస్ బయట కూలబడి, "అత్తా, అత్తా" అని నన్ను పిలుస్తూ ఏడ్చాడు. మికాయెలా నవ్వుతూ అతణ్ణి తిడుతోంది.

ఇప్పుడు విను. మానేస్తానని రాశావు. ఇద్దరిని పోగొట్టుకున్న చేతులివి. రెండోసారి తర్వాత నేనూ అనుకున్నాను, ఇక చాలు, గొర్రెలు కాసుకుంటానని. మర్నాడే ఎవరో తలుపు కొట్టారు. ఈ కొండమీద ఇంకెవరూ లేరు, పోయాను. ఆ రోజు తలుపు తీయకపోతే నిన్న ఈ పిల్లను పట్టేదాన్ని నేను కాదు. నువ్వు ఆవిడ కాలు మరిచిపోవద్దు. కాలు గుర్తున్న మనిషే ఆ బల్ల దగ్గర ఉండాలి. గుర్తులేని వాళ్లు కూర్చుంటే ఏమవుతుందో నువ్వే చూశావు.

నూలు చుట్టడానికి సాంతొస్‌కు ఇప్పుడు ఇంట్లో ఆడపిల్ల ఉంది. సోమవారం పొద్దున వెళ్లి కూర్చో.

తోమాసా పెద్దమ్మ